విద్యార్థి పత్రికకు వెన్నుదన్ను

ఖమ్మమునుండి వైరా, ఏన్కూరుల మీదుగా కొత్తగూడెమునకు పోవు బాటలో, సాగరు కాలువ క్రింది మాగాణములు వెనుకబడి, పత్తిచేలును మిరపతోటలును ఎదురై, వాని యావల అడవి ఆరంభమగు తావున జూలూరుపాడు గలదు. ఈ సీమనుండి ఒక దిక్కున ఖమ్మపు కళాశాలలకును, వేరొక దిక్కున కొత్తగూడెపు కళాశాలలకును పోవు బాలబాలికలలో కోయగూడెముల వారును, లంబాడీ తండాల వారును, సేద్యగాండ్ర బిడ్డలును గలరు. తునికాకు కాలమున కల్లములో కట్టల లెక్క యెట్లు సాగునో, పోడు భూమి పట్టాకై కన్నతండ్రి యెన్ని గడపలు త్రొక్కెనో, సాయంకాలపు బస్సు తప్పిన ఆడపిల్ల యిల్లు చేరుట యెంతటి కష్టమో వీరికి తెలిసినంత నిండుగా పట్టణమున గూర్చున్న విలేకరికి తెలియజాలదు. ఇట్టి యెరుక గల యువతకు తమదైన పత్రిక యొకటి యుండవలెననుట నిర్వివాదము. అయితే అట్టి పత్రిక పుట్టిన పిదప దేనివలన నిలుచును, దేనివలన కూలును అను ప్రశ్నకు ఊహతో గాక చరిత్రతో బదులు చెప్పుట మేలు.

ఒక్క సంచికతో ముగిసిన కథ

భారతదేశమున విద్యార్థి పత్రికల చరిత్రను తడవు వారు ముందుగా కలకత్తా హిందూ కళాశాలను స్మరింపవలెను. పదునేడేండ్ల ప్రాయముననే అచ్చట ఉపాధ్యాయుడైన హెన్రీ డెరోజియో, శిష్యులకు పాఠములకంటె ప్రశ్నించు విద్యను మిన్నగా నేర్పెను. ఆయన ప్రోత్సాహమున విద్యార్థులు 1830లో ‘పార్థినాన్’ అను పత్రికను వెలువరించి, తొలి సంచికలోనే స్త్రీవిద్యను గూర్చియు, న్యాయస్థానముల వ్యయభారమును గూర్చియు నిర్భయముగా వ్రాసిరి. కళాశాల పెద్దలు రెండవ సంచికను వెలుగు చూడనీయలేదు. మరుసటి యేట ఏప్రిలులో డెరోజియో సైతము కొలువు విడువవలసి వచ్చెను. ఆ యేడు ముగియకమునుపే, ఇరువదిరెండేండ్ల వయసున, విషూచికకు బలియయ్యెను. అయినను ఆయన శిష్యుడు కృష్ణమోహన బెనర్జీ 1831లోనే ‘ఎంక్వయిరర్’ పత్రికను స్థాపించెను. మరికొందరు ‘జ్ఞానాన్వేషణ్’ను నడిపిరి. పత్రికను ఆపవచ్చును గాని, ఒక గురువు నాటిన రచనాభ్యాసమును ఆపజాలరని ఆ పరిణామము చాటినది. గురువు ఒంటరియై, విద్యాలయము విముఖమైనచో ఆ అభ్యాసమునకు ఎంతటి మూల్యము చెల్లింపవలసి వచ్చునో కూడ అదియే చూపినది.

గౌతమీ తీరమున

మన తెలుగునాట ఉపాధ్యాయునకును పత్రికకును గల చుట్టరికము ప్రాతదే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు బడిపంతులుగా నుండియే 1874లో ‘వివేకవర్ధని’ని నెలకొల్పిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపినపుడు, ఊరివారు పలువురు ముఖము చాటు చేసికొనినను విద్యార్థులు వారికి అండయై నిలిచిరి. గురువు పత్రికలో వ్రాసినదానిని శిష్యులు వీథిలో ఆచరించి చూపిరి.

ఆ నగరముననే పాతికేండ్ల పిదప కథ తలక్రిందులయ్యెను. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసములు విని ఉత్తేజితులైన విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరింపగా, ట్రైనింగు కళాశాల ప్రధానాచార్యుడు మార్క్ హంటర్ దానిని ధిక్కారముగా నెంచి, గాడిచర్ల హరిసర్వోత్తమరావును బహిష్కరించెను. ఆ యువకుడు మరుసటి యేట బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రికా సంపాదకుడై, రాజద్రోహ నేరముపై మూడేండ్ల కఠిన కారాగారవాసము ననుభవించి, విడుదలయైన పిదప గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును జీవితమును ధారవోసెను. విద్యాలయము వెడలగొట్టినవానిని దేశము సంపాదకునిగా స్వీకరించినది.

తెలంగాణమున

నిజాము రాజ్యమున తెలుగు అచ్చునకు నోచుకొనుటయే దుర్లభమైన దినములలో, 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ఇనుగుర్తి యను పల్లెనుండి ‘తెనుగు’ పత్రికను నడిపిరి. నేటి ఖమ్మము సీమ 1953 వరకు వరంగల్లు జిల్లాలోని భాగమే గావున, ఇనుగుర్తి కీర్తిలో మనకును పాలు గలదు. రాజధాని సౌకర్యములు లేని పల్లె సైతము పత్రికకు పుట్టినిల్లు గాగలదని ఆ సోదరులు నిరూపించిరి.

1926 మే 10వ తేదీన ‘గోలకొండ పత్రిక’ను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారు హైదరాబాదులోని రెడ్డి వసతి గృహమునకు నిర్వాహకులుగా నుండిన విద్యావేత్త. ప్రొద్దున విద్యార్థుల యోగక్షేమములు విచారించి, రాత్రి వేళ ప్రూఫులు దిద్దు ఒక పెద్దమనిషి తమ నడుమనే మసలుట చూచిన బాలురకు, పత్రికయనగా దూరపు వస్తువు గాక తమ యింటి పనియే యని తోచి యుండును. తెలంగాణమున కవులు లేరను నిందకు ఆయన కోపముతో గాక, 354 కవుల రచనలను సేకరించి 1934లో ప్రకటించిన సంచికతో బదులిచ్చిరి. ఆక్షేపణకు ఆధారములతో బదులిచ్చు ఈ పద్ధతికంటె విద్యార్థి విలేకరి నేర్వవలసిన పాఠము వేరొకటి లేదు.

1938లో ఉస్మానియా వసతి గృహములలో వందేమాతరము పాడినందులకు విద్యార్థులు బహిష్కృతులు కాగా, నాగపూరు విశ్వవిద్యాలయము వారికి తలుపు తెరచెను. ఆ యుద్యమమున పాల్గొనిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు పిదప వరంగల్లులో పాములపర్తి సదాశివరావుగారితో కూడి ‘కాకతీయ’ పత్రికను నడిపిరి.

దూరదేశపు ఉదాహరణములు రెండు

అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయమున పత్రికా రచన విద్యాలయము 1908 సెప్టెంబరు 14న తెరువబడగా, ఆ దినముననే అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు తమ పత్రిక తొలి సంచికను వెలువరించిరి. చేయుచు నేర్చుటయే వారి సూత్రము. ఉస్మానియాలో 1954లో ఏర్పడిన పత్రికా రచన శాఖయు అభ్యాస పత్రికను పాఠములో భాగము గావించుకొనినది.

అదే మిస్సోరి రాష్ట్రమున, హేజల్‌వుడ్ ఈస్ట్ ఉన్నత పాఠశాలలో, 1983లో ప్రధానోపాధ్యాయుడు విద్యార్థుల ‘స్పెక్ట్రమ్’ పత్రికనుండి, విద్యార్థినుల గర్భధారణను గూర్చియు తల్లిదండ్రుల విడాకులను గూర్చియు వ్యాసములు గల రెండు పుటలను తొలగించెను. పేర్లు మార్చినను గర్భవతులైన విద్యార్థినులు ఎవరో తెలిసిపోవుననియు, విడాకుల వ్యాసములో నిందింపబడిన తండ్రికి బదులు చెప్పు అవకాశ మీయలేదనియు ఆయన అభ్యంతరము. 1988లో సుప్రీంకోర్టు ఆయన పక్షముననే తీర్పు చెప్పెను. అయితే పత్రికను సాకుచుండిన అధ్యాపకుడు ఆ సంచిక సిద్ధమగు వేళనే కొలువు మారిపోగా, కొత్తవారి చేతిలో పుటలు పడిన సంగతి గమనింపదగినది. ఆ రెండు అభ్యంతరములును సలహాదారుడు విద్యార్థులతో కూర్చుండి ఒక సాయంకాలమున తీర్పదగినవే. తీర్చువాడు లేనందున కత్తెర వచ్చెను, కత్తెర వెంట న్యాయస్థానము వచ్చెను.

సలహాదారుని ధర్మము

ఈ వృత్తాంతములన్నియు ఒక్క సత్యమునే బోధించుచున్నవి. విద్యార్థి పత్రిక ఆయువు విద్యార్థుల ఉత్సాహముపై కంటె, వారి ప్రక్కన నిలుచు పెద్ద నడవడిపై ఆధారపడి యున్నది. ఆ పెద్ద ఈతనేర్పువాని వలె చేయి చాచునంత దూరమున నుండవలెను గాని, తానే యీదరాదు. ఈ సంగతి నీకెవరు చెప్పిరి, అవతలివారిని అడిగితివా, ఈ అంకె ఏ కాగితములోనిది, బాధితుని ఆనవాలు బయటపడునా అని ప్రశ్నించుట ఆయన హక్కు. తనకు నచ్చలేదనియో, పైవారికి నొప్పి కలుగుననియో వాక్యమును కొట్టివేయుట ఆయన హక్కు గాదు. అచ్చునకు ముందు ఆయన కఠినుడగు పరీక్షకుడు. అచ్చైన పిదప, నిజము వ్రాసిన విద్యార్థిపై నింద వచ్చినచో, ఆ నిందకు ముందుగా ఎదురు నిలువవలసినవాడు.

జూలూరుపాడు ప్రాంతపు విద్యార్థులకు ముద్రణాలయము లేదని చింతింప బనిలేదు. చక్కని చేవ్రాలు గల బాలిక వ్రాయగా, బొమ్మలు వేయగల బాలుడు అలంకరింపగా, ఒకే ప్రతియై పఠనాలయపు బల్లపై వెలసిన లిఖిత పత్రికలు వెనుకటి తరమున ఎందరికో తొలి బడులైనవి. నేడు కూడ నెలకొక సంచికను గోడపై నంటించి, ప్రతి వార్త క్రింద వ్రాసినవారి పేరు పెట్టి, తప్పు దొరలినచో మరుసటి సంచికలో మొదటి పుటనే సవరించుకొను నియమ మేర్పరచుకొనినచో చాలును. కోయభాషలోనో లంబాడీలోనో తాతలు చెప్పిన మాటను ఆ భాషలోనే విని తెలుగున వ్రాయగల విలేకరులు ఈ తరగతి గదులలోనే యున్నారు. లేనిది వారి ప్రక్కన కూర్చుండి ‘ఆధార మేది?’ అని ఓర్పుతో అడిగి, ఆధారము చూపిన దినమున ‘అచ్చు వేయుము, నేనున్నాను’ అనగల అధ్యాపకుడు. ప్రతి కళాశాలలోను అట్టివా డొక్కడు ముందునకు వచ్చుట అత్యంతావశ్యకము. ఇందులకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు, నిధులు అక్కరలేదు, ఆయన సంకల్ప మొక్కటియే వలయును.