వెన్న వాసన పీల్చినవాళ్లు

పోయిన వేసవిలో మా ఇంట్లో పెండ్లి అయింది. పుణెలో చదువుకునే మా పెద్దనాయిన కొడుకు కూడా వచ్చాడు. రాత్రి మేడ మీద పడుకున్నప్పుడు జేబులోంచి పెన్ను లాంటిది తీసి పీల్చి వదిలాడు. మామిడిపండు వాసన గుప్పుమంది. నేను భయపడితే నవ్వాడు. "ఇది పొగ కాదురా, ఆవిరి. ఐస్‌క్రీంలో వేసే ఎసెన్సే ఇందులో ఉంటది. ఐస్‌క్రీం తిని నీకేమన్నా అయిందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈసారి మ్యాగజైన్ కోసం మా చరిత్ర సార్ "రాజులు, యుద్ధాలు కాకుండా వేరే ఏదన్నా రాయండి" అన్నారు. అందుకని నేను అమెరికాలో జాస్పర్ అనే ఊరి సంగతి రాస్తున్నాను. అన్న అడిగినదానికి జవాబు నాకు ఆ ఊళ్లోనే దొరికింది.

జాస్పర్ మిస్సోరి రాష్ట్రంలో నైరుతి మూలన ఉంది. 2000 సంవత్సరంలో అక్కడి జనాభా వెయ్యి చిల్లర. మన సోలాపూర్‌లో మా పేటవి నాలుగు గల్లీలు కలిపితే అంతమంది ఉంటారేమో. ఆ ఊళ్లో మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. పెద్ద ట్యాంకులో సోయా నూనె వేడి చేసి, అందులో ఉప్పు, రంగు, వెన్న వాసన ఇచ్చే ఎసెన్సు పోసి కలిపేవారు. కలిపేవాళ్లు మూత తీసి లోపలికి చూసినప్పుడు వేడి ఆవిరి నేరుగా ముఖానికి కొట్టేది. ఫ్యాక్టరీ అంతా వెన్న వాసనే. అందులో ప్రమాదం ఉందని ఎవరు అనుకుంటారు?

2000 మే నెలలో ఒక డాక్టరు మిస్సోరి ఆరోగ్య శాఖకు కబురు పెట్టాడు. ఆ ఫ్యాక్టరీలో 1992 నుంచి 2000 లోపల పనిచేసిన ఎనిమిది మందికి ఒకే రకం ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. నలుగురు ఊపిరితిత్తుల మార్పిడి కోసం పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నారు. జబ్బు పేరు బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్. పేరు నోరు తిరగదు గాని విషయం తేలికే. ఊపిరితిత్తుల్లో గాలి పోయే గొట్టాలు చెట్టు కొమ్మల్లాగ చీలుతూ పోతాయి. చివరి కొమ్మలు మిల్లీమీటరు కన్నా సన్నం. వాటి లోపలి పొర దెబ్బతిని, మానేటప్పుడు మచ్చ కట్టి, దారి ఇరుకైపోతుంది. ఒకసారి మచ్చ కడితే మళ్లీ తెరుచుకోదు. మొదట్లో చాలామంది దీన్ని ఆస్తమా అనుకుంటారు, కానీ ఆస్తమా మందు దీనికి పనిచేయదు. తర్వాత జనం దీనికి "పాప్‌కార్న్ లంగ్" అని పేరు పెట్టారు.

కార్మికుల ఆరోగ్యం చూసే కేంద్ర పరిశోధనా సంస్థ ఒకటి అక్కడ ఉంది, పేరు నియోష్. వాళ్లు వచ్చి 2000 నవంబరులో ఆ ఫ్యాక్టరీలోని 135 మందిలో 117 మందిని పరీక్షించారు. ఫలితం 2002లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. శ్వాస దారి ఇరుకైనవాళ్లు మామూలుగా ఉండాల్సినదానికి 3.3 రెట్లు ఉన్నారు. ఎన్నడూ సిగరెట్ ముట్టనివాళ్లలో అయితే 10.8 రెట్లు.

ఈ అంకె దగ్గర నేను ఆగిపోయాను. మా అమ్మ బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. సాయంత్రం తంబాకు దుమ్ము ఇల్లంతా ఉంటది. అమ్మ రాత్రిళ్లు దగ్గుతుంది. దవాఖానలో మొదట అడిగేది "ఇంట్లో ఎవరన్నా తాగుతారా?" అని. ఎవరూ తాగరు. జాస్పర్ కార్మికులను కూడా ఇట్లనే అడిగి ఉంటారు అనిపించింది.

తప్పు చేసింది ఎవరు అని వెతికితే డయాసిటైల్ అనే పదార్థం దొరికింది. విచిత్రం ఏమంటే అది మన ఇంటి వెన్నలో, పెరుగులో కూడా కొంచెం కొంచెం ఉంటుంది. వెన్నకు ఆ కమ్మని వాసన చాలా మట్టుకు దానివల్లే. ఎవరు ఎంత ఎక్కువ పీల్చారో వాళ్ల ఊపిరితిత్తులు అంత ఎక్కువ చెడినట్టు లెక్క తేలింది. ఎలుకలను ఆ వెన్న ఎసెన్సు ఆవిరిలో ఆరు గంటలు ఉంచితే వాటి శ్వాసనాళాల పొర పాడైపోయింది.

మరి దాన్ని వాడుకోమన్నది ఎవరు? అమెరికాలో 1958లో ఆహారంలో కలిపే పదార్థాల మీద చట్టం వచ్చింది. నిపుణులు "సురక్షితం" అని ఒప్పుకున్నవాటికి వేరే అనుమతి అక్కర్లేదు. ఎసెన్సులు తయారుచేసే కంపెనీల సంఘం 1960లో నిపుణుల బృందాన్ని పెట్టి ఒక్కొక్కటీ చూసి పట్టికలో చేర్చడం మొదలుపెట్టింది. ఆ పట్టిక అబద్ధం కాదు. కానీ అది తినడానికి రాసిన పట్టిక. తిన్నది కడుపులోకి పోతుంది, అక్కడ అరుగుతుంది, తర్వాత కాలేయం దాని సంగతి చూస్తుంది. పీల్చినది నేరుగా ఆ సన్నటి గొట్టాల పొరకు తగులుతుంది. తినేవాడి గురించి అడిగారు. కలిపేవాడి గురించి అడగలేదు. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

2004లో జాస్పర్ దగ్గరి జోప్లిన్ పట్టణంలో జ్యూరీ ఒక కార్మికుడికి, ఆయన భార్యకు కలిపి ఎసెన్సు కంపెనీలు 2 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2007లో పెద్ద పాప్‌కార్న్ కంపెనీలు డయాసిటైల్ మానేస్తామని ప్రకటించాయి. కొన్నిచోట్ల దాని బదులు వాడినది పెంటేన్‌డయోన్, అంటే దాని తమ్ముడి లాంటిది. ఎలుకల్లో అదీ అట్లాంటి పనే చేసింది. 2016లో నియోష్, పనిచేసే చోట గాలిలో వంద కోట్ల పాళ్లకు 5 పాళ్లు మించి డయాసిటైల్ ఉండొద్దని సలహా ఇచ్చింది. సలహానే, చట్టం కాదు.

ఇక అన్న చేతిలోని పెన్ను. ఇప్పటి ఈ-సిగరెట్‌ను 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు తయారుచేశాడు. అందులో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాటితోపాటు ఎసెన్సు ఉంటాయి. జాస్పర్‌లో ట్యాంకు వేడి చేసినట్టు ఇక్కడ చిన్న తీగ వేడి చేస్తుంది. ఫ్యాక్టరీలో ఆవిరి ముఖానికి కొట్టేది, ఇక్కడ మనమే నోరు పెట్టి లాక్కుంటాం. 2015లో హార్వర్డ్ వాళ్లు 51 రకాల వాసనల ఈ-సిగరెట్లు పరీక్షిస్తే 39 రకాల్లో డయాసిటైల్ కనబడింది. జాస్పర్ సంగతి అప్పటికి పదమూడేళ్ల కింద పత్రికలో వచ్చి ఉంది! ఎసెన్సు కంపెనీల సంఘమే, మా పట్టిక ఈ-సిగరెట్లకు వర్తించదని చెప్పింది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. మామూలు సిగరెట్ పొగలో డయాసిటైల్ ఇంకా ఎక్కువ ఉంటుంది. అందుకని ఈ-సిగరెట్‌తో పాప్‌కార్న్ లంగ్ వస్తుందా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. అయితే 2019లో కెనడాలో ఈ-సిగరెట్లు పీల్చే 17 ఏళ్ల అబ్బాయి ఊపిరి ఆడక ఆస్పత్రిలో పడ్డాడు. అతని జబ్బు పాప్‌కార్న్ కార్మికుల జబ్బులాగే ఉందని, కారణం ఎసెన్సు కావచ్చని డాక్టర్లు రాశారు. పదిహేడేళ్లంటే నాకన్నా రెండేళ్లే పెద్ద. అదే ఏడాది అమెరికాలో గంజాయి నూనె కలిపిన ఈ-సిగరెట్లతో చాలామంది పడిపోయారు. 2020 ఫిబ్రవరి వరకు 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. చనిపోయినవాళ్లు 68 మంది. ముఖ్యంగా అనుమానించింది విటమిన్ ఇ అసిటేట్‌ను. అది ముఖానికి రాసుకునే క్రీముల్లో, మింగే గోలీల్లో ఉండేదే.

మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చి, ఆ డిసెంబరులో చట్టం చేసి ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం నిషేధించారు. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయినా అన్నకు ఎక్కడో దొరికింది.

పోయిన ఆదివారం ఫోన్ చేసి అన్నకు ఇదంతా చెప్పాను. మధ్యలో ఆపలేదు, విన్నాడు. డబ్బా మీద మామిడి ఎసెన్సులో ఏమేం కలిపారో రాసి ఉందేమో చదవమన్నాను. వెతికి, "ఫ్లేవర్ అని ఉందిరా" అన్నాడు.

"ఇంకా?"

"ఇంకేం లేదు."