కోకర్ శస్త్రచికిత్స – థైరాయిడ్ గ్రంథి ఆవశ్యకత వెల్లడైన తీరు

ఆల్ప్స్ పర్వత లోయలలో గళగండం ఒకప్పుడు తరతరాలుగా సర్వసాధారణమైన వ్యాధిగా ఉండేది. మెడ ముందు పెరిగిన గడ్డ శ్వాసనాళాన్ని నొక్కి ప్రాణం మీదికి తెచ్చినా, దానిని కోసి తీయడానికి పంతొమ్మిదో శతాబ్దపు శస్త్రవైద్యులు జంకేవారు. థైరాయిడ్‌లో రక్తనాళాలు దట్టంగా ఉండడం వల్ల రక్తస్రావం ఆగేది కాదు. దానిని తట్టుకున్న రోగిని చీము బలిగొనేది. 1850లో ఫ్రెంచి వైద్య అకాడమీ ఈ చికిత్సను ఖండించింది. జ్యూరిచ్‌లో దీనిని చేపట్టిన థియోడోర్ బిల్‌రాత్ సైతం మరణాలు పెరగడంతో కొన్నేళ్లు మానుకున్నాడు.

1872లో బెర్న్‌లో ఆచార్య పదవి చేపట్టిన థియోడోర్ కోకర్ పరిస్థితిని మార్చాడు. ప్రతి రక్తనాళాన్నీ ముందే ముడివేస్తూ, క్రిమిరహిత పద్ధతులు పాటిస్తూ, నిదానంగా కోయడం ఆయన విధానం. మరణాలు తగ్గాయి. గ్రంథి మొత్తాన్ని తీసివేయడమూ సాధ్యమైంది. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

1874లో ఆయన పదకొండేళ్ల బాలికకు గ్రంథి మొత్తాన్ని తొలగించాడు. ఆ తరువాత ఆమె స్వభావమే మారిపోయిందని స్థానిక వైద్యుడు తెలియజేశాడు. 1882లో జెనీవా వైద్యుడు జాక్ లూయీ రెవెర్డాన్ తన రోగులలోనూ ఇటువంటి మార్పులను ప్రకటించాడు (ఈ ప్రాథమ్యంపై ఇద్దరి మధ్య వివాదం నడిచింది, ముందుగా ప్రకటించినవాడు మాత్రం రెవెర్డానే). కోకర్ పాత రోగులను తిరిగి పిలిపించాడు. గ్రంథిని పూర్తిగా కోల్పోయినవారిలో పరీక్షకు వచ్చినవారు 18 మంది. వారిలో 16 మంది మందగించి, ఉబ్బి, క్షీణించి ఉన్నారు. ఒకప్పుడు చెల్లెలితో పోల్చితే ఎవరు ఎవరో తెలియనట్లుండే ఆ బాలిక, చెల్లెలు నిండు యువతి అయినా, తాను పొట్టిగా, మందబుద్ధిగా మిగిలిపోయింది. ఈ స్థితికి 'కాకెక్సియా స్ట్రుమిప్రివా' అని పేరుపెట్టి 1883లో కోకర్ బెర్లిన్‌లో జర్మన్ శస్త్రవైద్యుల సభ ముందుంచాడు. ప్రమాదకరం కాని గళగండంలో గ్రంథిని పూర్తిగా తీయరాదని నిర్ణయించుకున్నాడు. తన చికిత్స ఫలితాన్ని తానే ఇలా బహిరంగపరచడం అప్పటికి తేలికైన పని కాదు.

బిల్‌రాత్ రోగులలో ఈ క్షీణత అంతగా కనిపించక, కండరాలు బిగుసుకుపోయే టెటనీ ఎందుకు కనిపించింది? ఇద్దరి పనినీ చూసిన అమెరికన్ శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ 1920లో సమాధానం చెప్పాడు. వేగంగా కోసే బిల్‌రాత్ థైరాయిడ్ ముక్కలను వదిలేసి, పక్కనున్న పారాథైరాయిడ్‌లకు హాని చేసేవాడు. శుభ్రంగా కోసే కోకర్ పారాథైరాయిడ్‌లను కాపాడి, థైరాయిడ్‌ను ఆనవాలు లేకుండా తీసేవాడు. అంటే గ్రంథి అవసరాన్ని బయటపెట్టింది నేర్పు లోపం కాదు, నేర్పే.

కోకర్‌కు 1909లో నోబెల్ బహుమతి లభించింది. అంతకుముందే, 1891లో, ఇంగ్లండ్‌లో జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ సారాన్ని రోగికి ఎక్కించి లోటు తీర్చవచ్చునని చూపాడు. అప్పటికి ఆ బాలికకు శస్త్రచికిత్స జరిగి పదిహేడేళ్లు.