ఊపిరి బిగబట్టకూడదు: స్కూబా గురువుల చరిత్ర, అందులో మన కాకినాడ

ఈసారి పోస్టు కాస్త పొడుగు. తీరిక చూసుకుని నిదానంగా చదవండి.

మనవాళ్ళ పిల్లల్లో ఒకరు ఉద్యోగం పక్కన పెట్టి స్కూబా డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ అవుతానంటున్నాడని తెలిసినప్పటి నుంచి మన మధ్య రెండు మాటలు వినిపిస్తున్నాయి. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన దొడ్డబళ్ళాపురం కుర్రాడికి సముద్రంతో పనేమిటని పెద్దలు అంటున్నారు. ఇష్టమైన పని చేసుకోనివ్వండని పిల్లలు అంటున్నారు. ఇద్దరి మాటల్లోనూ ఒక లోటు ఉంది. ఈ చదువు ఎలా పుట్టిందో, ఎవరి ప్రాణాల మీద నిలబడిందో ఎవరూ మాట్లాడటం లేదు. ఆ కథ తెలిస్తే తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నలు మారతాయి. అందుకే రాస్తున్నాను.

కథను కాకినాడ నుంచి మొదలుపెడతాను. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త చనిపోయారు. ఇంగ్లండులో పుట్టి, 1957లో మన దేశానికి వచ్చి, 1961లో భారత పౌరసత్వం తీసుకున్నారు. జన్యుశాస్త్రంలో ఆయనది పెద్ద పేరు. ఆయన శిష్యుల్లో మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు గారు ఉన్నారు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలని హాల్డేన్ ముందే రాసిపెట్టారు. ఆ దేహం వెళ్ళింది మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి.

ఇందులో స్కూబా ఎక్కడుందంటారా? ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష రాసే ప్రతి కుర్రాడూ చదివే శరీరధర్మ పాఠంలో సగం హాల్డేన్ కుటుంబం చలవే.

ముందు ఆ పాఠం ఏమిటో చెబుతాను. నీళ్ళలో పది మీటర్లు దిగితే మన మీద పడే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. ఎక్కువసేపు ఉండి గబుక్కున పైకి వస్తే, గోలీసోడా మూత తీసినట్టే, ఆ నైట్రోజన్ బుడగలై బయటికి వస్తుంది. కీళ్ళలో చేరితే భరించలేని నొప్పి. వెన్నుపాములో చేరితే కాళ్ళు పడిపోతాయి. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. 1870లలో న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదుల కోసం నదీగర్భంలో, ఒత్తిడి గాలి నింపిన పెట్టెల్లో పనిచేసిన కూలీలు ఇలాగే వంకర్లు తిరిగిపోయారు. చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా మంచం పట్టాడు. ఈ జబ్బుకు బెండ్స్ అనే పేరు ఆ కాలంలోనే స్థిరపడింది. బుడగలే కారణమని 1878లో పాల్ బెర్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త తేల్చాడు. మరి ఎంత లోతు నుంచి ఎంత నెమ్మదిగా రావాలి? ఆ లెక్క మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ లెక్క కట్టింది మన హాల్డేన్ గారి తండ్రి, జాన్ స్కాట్ హాల్డేన్. బ్రిటిష్ నౌకాదళం కోరిక మీద ఆయన మేకలను ఒత్తిడి గదిలో ఉంచి, వేరువేరు వేగాలతో ఒత్తిడి తగ్గిస్తూ చూశాడు. ఒత్తిడి సగానికి తగ్గినంతవరకు ఒళ్ళు తట్టుకుంటుందని, ఆ తరువాత మెట్టుమెట్టుగా ఆగుతూ రావాలని గ్రహించాడు. 1906లో స్కాట్లండ్ తీరంలో నౌకాదళ డైవర్లతో సముద్రంలో పరీక్ష పెట్టాడు. వాళ్ళు 210 అడుగుల దాకా దిగి క్షేమంగా వచ్చారు. అప్పుడు ఆ ఓడ మీద ఆయన కొడుకు కూడా ఉన్నాడు. వయసు పదమూడు. పెద్దవాళ్ళ కొలతకు కుట్టిన డైవింగ్ సూటు తొడిగి ఆ పిల్లవాణ్ణీ దింపారు. మణికట్ల దగ్గర వదులుగా ఉండి నీళ్ళు లోపలికి వచ్చేశాయి. ఆ పిల్లవాడే తరువాత మన కాకినాడకు చేరిన హాల్డేన్. తండ్రి లెక్కల పట్టికలు 1908లో అచ్చయ్యాయి. నేటి డైవింగ్ పట్టికలన్నిటికీ, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్లకూ మూలం అదే.

కొడుకు అక్కడితో ఆగలేదు. 1939 జూన్‌లో థీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి పరీక్షా ప్రయాణంలో మునిగి 99 మంది చనిపోయారు. వాళ్ళు ఎలా చనిపోయారో, ఎలా బతికి ఉండేవారో తెలుసుకోవడానికి హాల్డేన్ తానే ఇనుప గదిలో కూర్చుని ప్రయోగాలు మొదలుపెట్టారు. ఒత్తిడిలో ఆక్సిజన్ విషమవుతుందని ఒంటి మీదే పరీక్షించి చూశారు. మూర్ఛ వచ్చి వెన్నుపూస దెబ్బతింది. ఆ నొప్పి జీవితాంతం వదల్లేదు. ఆ ఒంటినే చివరికి కాకినాడ విద్యార్థుల ముందు ఉంచారు.

ఇక గురువుల సంగతి. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ ఇద్దరూ కలిసి ఆక్వాలంగ్ తయారుచేశారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసుతో నడిపేవారు. ఆ గ్యాసును కావలసినంతే వదిలే వాల్వును మార్చి, మనిషి పీల్చినప్పుడు మాత్రమే గాలి ఇచ్చే రెగ్యులేటర్‌గా మలిచారు. యుద్ధం అయ్యాక ఈ పరికరం దుకాణాల్లోకి వచ్చింది. డబ్బున్న ఎవరైనా కొనుక్కుని సముద్రంలోకి దిగడమే. నేర్పేవాడు లేడు.

ఇక్కడే అసలు ప్రమాదం. ఈత బాగా వచ్చినవాడు మునిగేటప్పుడు ఊపిరి బిగబడతాడు. మన గజ ఈతగాళ్ళ విద్యంతా అదే. కానీ స్కూబాలో అదే ప్రాణం తీస్తుంది. పది మీటర్ల లోతులో సిలిండర్ గాలి నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే, ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపవ్వాలని చూస్తుంది. పోవడానికి దారి లేక ఊపిరితిత్తి చిట్లుతుంది. గాలి రక్తంలో చేరి మెదడుకు వెళ్తుంది. ఇంతటి ప్రమాదానికి పది మీటర్ల లోతు కూడా అక్కర్లేదు. స్విమ్మింగ్ పూల్ లోతు చాలు. అందుకే ఇవాళ ప్రపంచంలో ఎక్కడ నేర్చుకున్నా మొదటి సూత్రం ఒకటే: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. ఈత ఎంత బాగా వస్తే ఈ పాఠం అంత జాగ్రత్తగా నేర్పాలి.

కాలిఫోర్నియాలో విశ్వవిద్యాలయ డైవర్లు చనిపోయాక, స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో కాన్రాడ్ లింబా అనే ఆయన పద్ధతి ప్రకారం శిక్షణ మొదలుపెట్టాడు. ఆయన దగ్గర నేర్చుకున్న లాస్ ఏంజెలెస్ కౌంటీ ఉద్యోగులు ఆల్ టిల్‌మన్, బెవ్ మోర్గన్ 1954లో ప్రజలకు శిక్షణ, తరువాత గురువులకు శిక్షణ ఏర్పాటు చేశారు. బ్రిటన్‌లో 1953లోనే ఒక క్లబ్ పుట్టింది. 1960 ఆగస్టులో హ్యూస్టన్‌లో దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, పరీక్ష పెట్టి ఇన్‌స్ట్రక్టర్లుగా గుర్తించారు. అదే నావీ సంస్థ ఆరంభం. 1966లో ఇల్లినాయ్‌లో జాన్ క్రోనిన్ అనే డైవింగ్ సామాన్ల సేల్స్‌మన్, రాల్ఫ్ ఎరిక్సన్ అనే ఈత కోచ్ కలిసి పాడీ సంస్థ పెట్టారు. మన దేశంలో ఎక్కువగా వినిపించే పేరు అదే.

ఒక సంగతి మరవకూడదు. గురువులకు గురువైన కాన్రాడ్ లింబా 1960 మార్చిలో ఫ్రాన్స్‌లో సముద్రగర్భ గుహలో దారి తప్పి చనిపోయాడు. నేర్పినవాడికీ మినహాయింపు లేదు. గుహల్లోకి వెళ్ళాలంటే వేరే శిక్షణ కావాలని, మామూలు సర్టిఫికెట్ చాలదని ఇవాళ రాసుకున్న నియమం ఇలాంటి చావుల నుంచి వచ్చిందే.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. 2017లో సినిమాగా వచ్చిన కథే. ఆ మునిగింది ఘాజీయేనని ఖాయం చేసింది నీళ్ళలోకి దిగిన మన నౌకాదళ డైవర్లు. వాళ్ళ డైవింగ్ స్కూలు కొచ్చిలో ఉంది. డైవర్లకు అండగా ఉండే నిస్తార్ అనే కొత్త నౌక విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లోనే తయారై 2025 జులై 18న నౌకాదళంలో చేరింది.

ఇంకో పక్క, సర్టిఫికెట్ మాటే లేని విద్య ఉంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. బురద నీళ్ళు, వందల అడుగుల లోతు, సుడులు. దాన్ని అక్టోబరు 22న ఒడ్డుకు చేర్చింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందం. లంగర్లు, ఇనుప తాళ్ళు వేసి లాగడం వాళ్ళ పని. చివరి ఘట్టంలో విశాఖ నుంచి వచ్చిన డైవర్లు లోపలికి దిగి బోటుకు తాళ్ళు కట్టారు. పడవ మనుషుల అనుభవం, సిలిండర్ కట్టుకున్నవాళ్ళ శిక్షణ, రెండూ కలిస్తేనే ఆ పని అయింది. మన పిల్లవాడు గుర్తుంచుకోవాల్సింది ఇదీ. సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన నదిని చూసి పెరిగినవాడికంటే ఎక్కువ తెలిసినట్టు కాదు. అలాగే ఈతలో మొనగాడైనంత మాత్రాన సిలిండర్ కట్టుకుని దిగగలిగినట్టూ కాదు.

మరి ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే దారి ఏమిటి? పాడీ పద్ధతి చెబుతాను, మిగతావీ దాదాపు ఇలాగే ఉంటాయి. మొదట ఓపెన్ వాటర్ కోర్సు, 18 మీటర్ల వరకు అనుమతి. తరువాత అడ్వాన్స్‌డ్, ఆపైన రెస్క్యూ. ఆ తరువాత డైవ్‌మాస్టర్, దీనికి 18 ఏళ్ళు నిండాలి. 400 మీటర్లు ఆగకుండా ఈదాలి, పావుగంట నీళ్ళలో తేలి నిలబడాలి, స్పృహ లేనట్టున్న మనిషిని 100 మీటర్లు లాక్కురావాలి. చివరిది ఇన్‌స్ట్రక్టర్ కోర్సు. డైవర్‌గా కనీసం ఆరు నెలలు గడిచి ఉండాలి, పరీక్ష నాటికి 100 డైవ్‌లు పూర్తవ్వాలి, డాక్టర్ సంతకం ఉండాలి. ప్రథమ చికిత్స నేర్పగల అర్హత కూడా కావాలి. పరీక్ష పెట్టేది నేర్పిన గురువు కాదు, సంస్థ పంపిన వేరే పరీక్షకుడు. భౌతికశాస్త్రం, శరీరధర్మం, పరికరాలు రాతపరీక్షలో ఉంటాయి. పూల్‌లోనూ సముద్రంలోనూ పాఠం చెప్పి చూపించాలి. విద్యార్థిగా నటించేవాళ్ళు కావాలనే తప్పు చేస్తారు. ఆ తప్పును పట్టుకున్నాడా లేదా అన్నదే మార్కు. తాను ఎంత బాగా డైవ్ చేస్తాడన్నదానికంటే ఎదుటివాడి కళ్ళలో భయం కనిపెట్టగలడా అన్నది ముఖ్యం.

మన ఊరివాళ్ళకు ప్రత్యేకమైన సంగతి ఒకటి. బెంగళూరు కుర్రాళ్ళు పూల్ పాఠం ఇక్కడే అయ్యాక సముద్రం కోసం ఎక్కువగా మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికి వెళ్తారు. వానాకాలం బంద్, అక్టోబరు నుంచి మే దాకా సీజన్. ఆదివారం డైవ్ చేసి అదే రాత్రి బస్సెక్కి ఘాట్ దాటి వచ్చేస్తారు. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు వెళ్తే గాలి ఒత్తిడి తగ్గుతుంది, అంటే గోలీసోడా మూత మళ్ళీ తీసినట్టే. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ విమాన ప్రయాణానికి ఇచ్చిన సలహా 600 మీటర్లు దాటిన ఎత్తులకు వర్తిస్తుంది. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు అయితే 18 గంటలు ఆగాలని ఆ సలహా. మన రోడ్డు విమానం కాకపోయినా ఎత్తు ఎత్తే. పిల్లలు వెళ్ళేటప్పుడు సోమవారం కూడా సెలవు పెట్టుకోమనండి.

సంపాదన సంగతీ దాచక్కర్లేదు. ఇది సీజన్ పని. సంస్థకు ఏటా సభ్యత్వం కట్టాలి, బీమా ఉండాలి. చెవికి జబ్బు చేసినా, ఊపిరితిత్తులకు జబ్బు చేసినా ఆ నెల పని లేదు. అండమాన్‌లోనో విదేశాల్లోనో ఉండాల్సి రావచ్చు. ఇవన్నీ ఒప్పుకుని వెళ్ళేవాడు వెళ్ళొచ్చు.

కాబట్టి తల్లిదండ్రులు "సముద్రం ఎందుకురా" అని అడగడం కన్నా ఈ మూడు ప్రశ్నలు అడగండి. రెస్క్యూ కోర్సు అయిందా? నూరు డైవ్‌లు తొందరగా లెక్క కోసం చేశావా, వేరువేరు నీళ్ళలో చేశావా? అల బాగాలేనప్పుడు డబ్బు కట్టిన కస్టమర్‌కు "ఇవాళ వద్దు" అని చెప్పగలవా? ఈ మూడో దానికి తడుముకోకుండా జవాబు చెప్పే పిల్లవాడు నా దృష్టిలో సగం గురువు అయినట్టే. హాల్డేన్ పట్టికల నుంచి నేటి పరీక్ష దాకా ఈ చరిత్రంతా ఎక్కడ ఆగాలో నేర్పడానికే నడిచింది.

చివరగా సంఘానికి ఒక మనవి. మన చుట్టుపక్కల చెరువులు, నీళ్ళు నిలిచిన క్వారీ గుంతలు ఉన్నాయి. స్కూబా దాకా ఎందుకు, మన పిల్లల్లో ఎందరికి ఈత వచ్చు? మునిగినవాణ్ణి బయటికి తీశాక ఊపిరి అందించడం మనలో ఎందరికి వచ్చు? ఈ వేసవిలో సంఘం తరఫున ఈతా, ప్రథమ చికిత్సా నేర్పిద్దాం. ఇన్‌స్ట్రక్టర్ అవుతానంటున్న ఆ అబ్బాయినే ముందుండి నడిపించమందాం. ఒప్పుకునేవాళ్ళు కింద పేరు రాయండి, వచ్చే సమావేశంలో తేదీ నిర్ణయించుకుందాం.