మాట వెనుక కథ: గండం

ప్రమాదం జరిగాక తెలుస్తుంది. గండాన్ని ముందే చెబుతారు. నీటి గండం, పాము గండం, ఫలానా ఏట గండం అంటూ చావు వచ్చే దారినీ వేళనూ కలిపి చెప్పే మాట ఇది.

జ్యోతిషంలో గండాంతం అంటే రాశీ, నక్షత్రమూ ఒకేచోట ముగిసే సంధి. రేవతి-అశ్విని, ఆశ్లేష-మఖ, జ్యేష్ఠ-మూల అలాంటి జంటలు. ఆ సంధిలో పుట్టిన బిడ్డకు ప్రాణభయమని శాంతి చేయిస్తారు. తెలుగువాడుకలో గండం జాతకాన్ని దాటి విస్తరించింది. పురుడు క్షేమంగా జరిగితే ‘గండం గడిచి పిండం బయటపడింది’ అంటాం. గండం గడుస్తుంది, తప్పుతుంది, దాని నుంచి గట్టెక్కుతాం. చావు జోస్యంతో పాటు తప్పించుకునే ఆశ కూడా ఈ మాటలోనే ఉంది.

ఆ తప్పించుకోవడానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు? అడ్డతీగల, రంపచోడవరం మన్యంలో ఈ ప్రశ్నకు చేదు జవాబు ‘చిల్లంగి’. చేతబడికి అక్కడి పేరది. ఊళ్లో మలేరియా లాంటి జ్వరాలు ముదిరి వరసగా మనుషులు పోతే, ఇంకో చావు రాకుండా ఆపాలన్న భయం ఎవరో ఒకరి మీద చిల్లంగి ముద్ర వేస్తుంది. ఏ పాపమూ ఎరుగని ఆ మనిషి వెలికో, దెబ్బలకో, ఒక్కోసారి హత్యకో గురవుతాడు.

ఇలాంటి ముద్రలను నేరంగా చూసే ప్రత్యేక చట్టాలు జార్ఖండ్‌లో 2001లో, ఒడిశాలో 2013లో వచ్చాయి. మన మన్యానికీ అంత గట్టి రక్షణ కావాలి. దానితోపాటు వేళకు రక్తపరీక్ష, మందు, ఆసుపత్రికి దారి కావాలి. మలేరియా గండాన్ని గడిపించేవి అవే.