జీవౌషధములకు తూనికరాయి

ఒకప్పుడు మన దేశమున ఒక ఊరి వీశెకును, ప్రక్క ఊరి వీశెకును తూకము సరిపడెడిది కాదు. బెల్లము విషయమున ఆ తేడా వలన కలుగు నష్టము కొద్దిపాటిది. మందు విషయమున అట్లు కాదు. అచ్చట ప్రాణమే పణము.

ఉప్పు వంటి శుద్ధ రసాయనమును త్రాసులో తూచవచ్చును. కాని జంతువుల శరీరమునుండి తీసిన మందులో సారమెంత, మలినమెంత అన్నది త్రాసు చెప్పజాలదు. ఈ చిక్కునకు దారి చూపినవాడు జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్. డిఫ్తీరియా విషము నిలువయున్నకొలది బలము మారుచుండెను. దాని విరుగుడు మందును ఎండించి, వెలుతురు, తేమ, గాలి సోకకుండ భద్రపరచినచో అది మారదని గ్రహించి, 1897లో దానినే కొలతకు ఆధారము చేసెను.

ఆయన ప్రయోగశాలలో కొన్ని నెలలు పనిచేసిన ఆంగ్ల యువకుడు హెన్రీ డేల్. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొనబడెను. మరుసటి యేడు డేల్ అచ్చటికి వెళ్లి ఆ పని పరిశీలించెను. మధుమేహ రోగికి ఈ మందు తక్కువైనచో రోగము మ్రింగును. ఎక్కువైనచో రక్తములోని చక్కెర పడిపోయి మూర్ఛ వచ్చును. అయినను ఆనాటి కొలబద్ద ఒక కుందేలు! ఆకలితోనున్న రెండు కిలోల కుందేలు రక్తములో చక్కెరను నిర్ణీత స్థాయికి దింపు మోతాదునుబట్టి యూనిట్టును లెక్కించెడివారు. కాని ఒక కుందేలువలె మరియొకటి యుండదు గదా!

కుందేలు త్రాసు మాత్రమే, తూనికరాయి కాదు. ఇదియే డేల్ పద్ధతికి మూలము. త్రాసులు ఎన్ని విధములుగా నున్నను, అన్నిటియందును ఒకే రాయి వేసి పోల్చినచో లెక్క కుదురును. 1923లో ఎడింబరోలో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఈ మార్గమునే అనుసరించిరి. ఎండించిన ఇన్సులిన్ పొడి 1925లో అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. దానియందు మిల్లీగ్రాము 8 యూనిట్లకు సమానము.

నాడుల సంకేతములు రసాయనముల ద్వారా చేరునను పరిశోధనకు డేల్‌కు 1936లో నోబెల్ బహుమానము లభించెను. లోకము ఆయనను దానికే ఎక్కువగా స్మరించును. 1968లో ఆయన కాలధర్మము చెందెను. తరువాత పరీక్షా విధానములు మారినవి, కుందేలు తొలగినది. పోలిక మాత్రము నిలిచినది.

అదే నియమము నేడు జన్యుశాస్త్రమునకును వర్తించుచున్నది. మనుష్యుని జన్యురాశిలో సుమారు 300 కోట్ల అక్షరములు గలవు. వానిని రెండు యంత్రములు చదివినచో రెండు తీరుల తప్పులు రావచ్చును. అందుకై అమెరికా ప్రమాణముల సంస్థ 2015లో ఒక వ్యక్తి కణములనుండి తీసిన డి.ఎన్.ఎ.ను చిన్న గొట్టములలో నింపి, అందు నిశ్చయముగా తెలిసిన అక్షరముల పట్టికతో ప్రయోగశాలలకు అందుబాటులోనికి తెచ్చెను. ప్రయోగశాల తన యంత్రము చదివినదానిని ఆ పట్టికతో సరిచూచుకొనవలెను.

మన దేశమున అమ్ము అనేక ఇన్సులిన్ సీసాలపై మిల్లీలీటరుకు 40 యూనిట్లని వ్రాసియుండును. ఏ ఊరిలో కొన్నను ఆ అంకెకు అర్థమొక్కటే. రోగి నిర్భయముగా సూది వేసికొనుచున్నాడన్నచో, ఆ నమ్మకము వెనుక ఈ తూనికరాయి కలదు.