సామర్లకోట తోట – శ్రీతాళపు పాఠము



మా అనకాపల్లి పేరు చెప్పగానే అందరికి బెల్లము జ్ఞప్తికి వచ్చును. కాని ఈ సీమకు చెట్ల చరిత్రములో గూడ పెద్ద స్థానము కలదు. మా యూరికి ఒకవంక విశాఖపట్టణము, మరియొకవంక సామర్లకోట. ఈ రెండు తావులందు రెండువందల యేండ్లకు పూర్వము జరిగిన పనిని మీకు విన్నవించెదను. ఆ పని ఫలము నేటికిని మనకు కావలసియున్నది.

1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున కోనిగ్ అను వైద్యుడు కాలధర్మము నొందెను. ఆయన స్వీడను దేశపు లిన్నేయసు పండితునకు శిష్యుడు. తూర్పుతీరపు మొక్కలను సేకరించినవాడు. అటుపిమ్మట కంపెనీవారు ఆ పనిని విశాఖపట్టణమందున్న పాట్రిక్ రస్సెల్ గారికి అప్పగించిరి. ఆయన 1789లో స్వదేశమునకు మరలగా, 1781 మొదలు సామర్లకోటలో వైద్యుడుగానున్న విలియం రాక్స్‌బరో ఆ స్థానమునకు వచ్చెను.

రాక్స్‌బరో సామర్లకోటలో తోట వేసి మిరియపు తీగలు మున్నగు వానిని పెంచెను. 1791–92 నాటి ఘోరమైన కరవును కన్నులార చూచి, కొబ్బరి, తాడి, పనస, అరటి వంటివి విరివిగా నాటినయెడల ప్రజలకు ఆపదలో ఆహారము దొరకునని అధికారులకు వ్రాసెను. మన దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించెను. ఆ బొమ్మలనుండి ఏర్చిన 300 పటములతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో అచ్చుపడెను. అందులో మొక్కల తెలుగు పేర్లు అడుగడుగున కానవచ్చును. ఆ పేర్లు చెప్పినవారెవరు? మన పల్లెల పెద్దలు, వైద్యులు, అడవి తిరిగినవారు. గ్రంథమునకు కీర్తి వచ్చినది. వారి పేర్లు మాత్రము దానిపై ఎక్కలేదు.

1793లో రాక్స్‌బరో కలకత్తా తోటకు అధికారియై వెడలెను. ఆయన చేరునాటికి అచ్చట 300 జాతులుండగా, విడుచునాటికి అవి 3,500 ఆయెను. సామర్లకోట తోటను హేన్ అనునతడు కొంతకాలము నడిపెను గాని, అది నిలువలేదు. ఆదరించువాడు పోయిన తోట అడవికన్న వేగముగ నశించును. ఇది మొదటి పాఠము.

రెండవ పాఠము శ్రీతాళపు జ్ఞాతియైన తాలియర వృక్షముది. తాటాకు గ్రంథములెరిగిన మీకు శ్రీతాళమనిన క్రొత్త కాదు. తాలియర ఆకులపైని గూడ వంగదేశమున ఇనుపగంటముతో వ్రాసెడివారు. రాక్స్‌బరో దీనిని పైగ్రంథపు మూడవ సంపుటమున వర్ణించెను. ఈ చెట్టు అనేక వత్సరములు పెరిగి, జీవితములో ఒక్కమారే పూచి, కాచి, చచ్చును. వంగదేశములో బీర్భూము ప్రాంతమున మిగిలిన ఒక చెట్టు 1979లో పూతకు వచ్చెను. ఆ వింతపూతను చూచి, దయ్యపుచెట్టని జనులు భయపడి నరికివేసిరి. దానితో అడవిలో ఆ వంశము తీరిపోయెనని శాస్త్రజ్ఞులు తలచిరి. కాని ఢాకా విశ్వవిద్యాలయపు ఆవరణలో ఒక చెట్టు మిగిలియుండెను. అది 2008లో పూచి కాయగా, ఆ గింజలనుండి మొలకలు పెంచిరి. అడవిలో పోయినది మానవుని సంరక్షణలో నిలిచినది.

అట్లని ఒక తోటనే నమ్ముకొనరాదు. 1864 నాటి తుపాను కలకత్తా తోటలోని మహావృక్షములను నేలగూల్చెను; 2020లో ఆంఫాన్ మరల పెక్కింటిని కూల్చెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన తీరమున చేసిన పని మీరు కన్నులార చూచినదే. మా పెరటిలో మా తండ్రిగారు నాటిన పనసయు ఆ రాత్రితో పోయినది. కనుక ఒక జాతి గింజలను ఒక్క చెట్టునుండిగాక పలు చెట్లనుండి తేవలెను. ఒకే తల్లి బిడ్డలైనచో ఒకే తెగులు అన్నింటిని చంపవచ్చును. తెచ్చిన చోటు, తెచ్చిన దినము వ్రాసియుంచవలెను. పలు తోటలలో నాటవలెను. కొండను గూడ కాపాడవలెను.

మన తూర్పుకనుమలలో రాక్స్‌బరో వర్ణించిన చెట్టే ఒకటి, రావియాకును పోలిన ఆకు గల హిల్డెగార్డియా, నేడు కడు అరుదైపోయినది. శేషాచలపు ఎర్రచందనము దొంగగొడ్డండ్లకు గురియగుచున్నది. ఏ కొండవాలున ఏ చెట్టు ఏ మాసమున పూచునో శాస్త్రజ్ఞులకన్న మీకు బాగుగ తెలియును. మీ యూరి బడి పిల్లలను వెంట గొని ఒకమారు కొండకు పోయి, చెట్ల పేర్లు, తావులు, పూతకాలము వ్రాయించుడు. విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులకు, అటవీశాఖవారికి ఆ వ్రాతను పంపుడు. దేవాలయపు ఆవరణలో రెండు మొక్కలు నాటించుడు.

ఆనాడు మన పెద్దలు చెప్పిన పేర్లు పరాయివాని గ్రంథమున మిగిలినవి. ఈనాడు మీరు చెప్పెడి పేర్లకు చెట్లు గూడ మిగులుగాక!