క్యాన్సర్ చికిత్స తర్వాత ఫాలో-అప్ స్కాన్: ఎవరికి ఏది అవసరం, కర్నూలు-కడప వాళ్లు ముందుగా ఏం చూసుకోవాలి?

కీమో అయిపోయింది. రేడియేషన్ కూడా పూర్తయింది. ‘మూడు నెలల తర్వాత రండి’ అని డాక్టర్ చీటీ మీద రాసిచ్చారు. ఇక్కడి నుంచి చాలామంది రెండు దారుల్లో ఒకటి పడతారు. ఒంట్లో బాగానే ఉంది కదా, మళ్లీ అంత దూరం ఎందుకని మానేసేవాళ్లు కొందరు. భయంతో ప్రతి ఆరు నెలలకూ ఒళ్లంతా స్కాన్ చేయించుకునేవాళ్లు ఇంకొందరు. రెండూ నష్టమే.

కర్నూలు మెడికల్ కాలేజీ ఆవరణలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, కడప రిమ్స్‌లో క్యాన్సర్ కేర్ బ్లాక్ వచ్చినా, ఈ రెండు జిల్లాల్లో చాలా కుటుంబాలకు చికిత్స వేరే ఊళ్లో జరిగి ఉంటుంది. తిరుపతిలో స్విమ్స్, 2022లో అలిపిరి దగ్గర ప్రారంభమైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, బెంగళూరులో కిద్వాయ్, వెల్లూరులో సీఎంసీ. అందుకే మీకు ఫాలో-అప్ అంటే స్కాన్ ఒక్కటే కాదు. ప్రయాణం, సెలవు, తోడు, ఎండ అన్నీ కలిసి వస్తాయి.

అందరికీ పెట్-సీటీ అవసరమా?

లేదు. ఫాలో-అప్‌లో ఏం చేయాలన్నది క్యాన్సర్ రకాన్ని బట్టి, అది ఏ దశలో బయటపడిందన్న దాన్ని బట్టి మారుతుంది.

తొలి దశ రొమ్ము క్యాన్సర్‌నే తీసుకోండి. చికిత్స పూర్తయి, ఏ లక్షణమూ లేకపోతే డాక్టర్ పరీక్ష, ఏటా మామోగ్రామ్ ప్రధానం. ఇలాంటి వారికి పెట్-సీటీ, బోన్ స్కాన్ మామూలుగా చేయించవద్దని అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2012లోనే చెప్పింది. ఇలాంటివారిలో ఈ స్కాన్లు ఆయుష్షు పెంచినట్టు ఆధారాలు లేవు. పైగా లేని అనుమానాలు పుట్టి, అక్కర్లేని బయాప్సీలదాకా వెళ్లే ప్రమాదం ఉంది.

పెద్దపేగు క్యాన్సర్‌లో పద్ధతి వేరు. రెండో, మూడో దశలో ఆపరేషన్ అయినవారికి మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ రక్తపరీక్ష, కొన్నేళ్లపాటు నిర్ణీత వ్యవధిలో సీటీ, ఏడాదికి కొలనోస్కోపీ సాధారణంగా ఉంటాయి.

నోటి, గొంతు క్యాన్సర్లలో అన్నిటికన్నా ముఖ్యమైనది డాక్టర్ స్వయంగా చూసి, చేత్తో తడిమి చేసే పరీక్ష. మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి రమ్మంటారు. స్కాన్ బాగుందని ఈ పరీక్ష మానేయడం పొరపాటు. గుట్కా, ఖైనీ మళ్లీ మొదలైతే అది కూడా దాచకుండా చెప్పాల్సిన సంగతే.

ఇంకో విషయం, తొందరపడి స్కాన్ చేయిస్తే పెట్-సీటీ తప్పుదారి పట్టించవచ్చు. రేడియేషన్ తర్వాత కణజాలంలో వాపు ఉంటుంది, అది కూడా స్కాన్‌లో వెలుగుతుంది. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ అయ్యాక దాదాపు 12 వారాలు ఆగమనేది అందుకే. టీబీ, ఇన్ఫెక్షన్, ఈమధ్యే వేయించుకున్న టీకా వల్ల ఉబ్బిన గ్రంథులు కూడా అలాగే కనిపిస్తాయి. మీకు గతంలో టీబీ ఉంటే అడగకపోయినా చెప్పండి.

కాబట్టి చికిత్స ముగిసిన రోజే డాక్టర్‌తో ఒక కాగితం మీద రాయించుకోండి. ఏ పరీక్ష, ఎన్ని నెలలకు, ఎన్నేళ్ల వరకు, ఏ లక్షణం కనిపిస్తే తేదీ దాకా ఆగకుండా రావాలి. ఈ ఒక్క కాగితం ఉంటే సగం గందరగోళం పోతుంది.

పెట్-సీటీ రోజు: ఉగ్గాని తిని వెళ్తే స్కాన్ వాయిదానే

ఈ స్కాన్‌లో శరీరంలోకి ఎక్కించేది రేడియోధార్మిక గుణం ఉన్న ఒక రకం చక్కెర. క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి అవి తెరమీద వెలుగుతాయి. తిని వెళ్తే లెక్క తప్పుతుంది. కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు. ఉగ్గానీ లేదు, టీ లేదు, పాలు లేవు. మంచినీళ్లు మాత్రం తాగాలి, బాగా తాగాలి. చూయింగ్ గమ్ కూడా వద్దు, నమిలితే దవడ కండరాలు వెలుగుతాయి. ముందు రోజు బరువులు మోయడం, పరుగు, కష్టమైన వ్యాయామం మానేయండి.

షుగర్ ఉన్నవాళ్లు స్కాన్ తేదీ తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పాలి. రక్తంలో చక్కెర 200 మిల్లీగ్రాములు దాటితే చాలా కేంద్రాలు వాయిదా వేస్తాయి. మెట్‌ఫార్మిన్ మాత్ర ఎప్పుడు ఆపాలి, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలి అన్నది డాక్టర్ చెప్పాలి, సొంతంగా ఆపొద్దు. ఆదోని నుంచో పులివెందుల నుంచో తెల్లవారుజామున ఖాళీ కడుపుతో బస్సెక్కినవారికి దారిలో చెమటలు పట్టి, చేతులు వణికితే షుగర్ పడిపోయినట్టు అనుకోవాలి. వెంటనే గ్లూకోజ్ తీసుకోండి. స్కాన్ ఇంకో రోజు చేయించుకోవచ్చు.

సమయానికి వెళ్లడం ఇక్కడ మర్యాద కోసం కాదు. ఆ మందు బలం దాదాపు ప్రతి 110 నిమిషాలకు సగానికి తగ్గిపోతుంది. అది మీ పేరు మీద, మీ సమయానికి లెక్కగట్టి తెప్పించింది. గంటల తరబడి ఆలస్యమైతే పనికిరాదు.

ఇంజెక్షన్ తర్వాత దాదాపు గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోబెడతారు. చలిగా ఉంటే దుప్పటి అడగండి, వణికినా చిత్రం చెడుతుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవారు రెండో చేతికి సూది వేయమనండి. ఇంటికి వెళ్లాక ఆరోజు నీళ్లు ఎక్కువ తాగాలి. కొన్ని గంటలపాటు గర్భిణులకు, చంటిపిల్లలకు దూరంగా ఉండాలి. బిడ్డకు పాలిచ్చేవారు, గర్భం అనుమానం ఉన్నవారు ఇంజెక్షన్‌కు ముందే చెప్పాలి.

సీటీ, ఎంఆర్ఐ

కాంట్రాస్ట్ మందుతో సీటీ అయితే ముందు క్రియాటినిన్ పరీక్ష అడుగుతారు, కిడ్నీల పనితీరు కోసం. మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కినట్టు, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది. అది మామూలే, నిమిషంలో తగ్గుతుంది. దద్దుర్లు, ఊపిరాడకపోవడం మాత్రం మామూలు కాదు, వెంటనే పిలవండి. కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే ఎండలు తెలిసినవే. ఒంట్లో నీళ్లు తగ్గిన స్థితిలో కాంట్రాస్ట్ ఎక్కించుకోవడం కిడ్నీలకు మంచిది కాదు. వేసవిలో ఉదయం స్లాట్ అడిగి తీసుకోండి.

ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు కానీ ఇరుకు, చప్పుడు ఎక్కువ. పేస్‌మేకర్, శరీరంలో లోహపు ముక్కలు ఉంటే ముందే చెప్పాలి. ఇరుకంటే భయమైతే గొట్టంలోకి వెళ్లకముందే కళ్లు మూసుకోండి. చేతిలో పెట్టే రబ్బరు బుడగ నొక్కితే ఆపి బయటికి తెస్తారు.

ప్రయాణం, ఖర్చు

మొదట అడగాల్సిన ప్రశ్న: ‘ఇందులో ఏవి మా ఊళ్లో చేయించుకోవచ్చు?’ రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే, మామోగ్రామ్ వంటివి కర్నూలు లేదా కడపలో చేయించి, ఫలితం పంపితే చాలని కొందరు డాక్టర్లు ఒప్పుకుంటారు. సీటీ, పెట్-సీటీ అయితే వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే కేంద్రంలో చేయించడం మేలు. పోల్చడం తేలిక.

ఎక్కడ చేయించినా పాత స్కాన్ల సీడీలు వెంట ఉండాలి. ఫిల్ము, రిపోర్టు కాగితం సరిపోవు. గతంలో ఉన్న మచ్చ ఇప్పుడు పెరిగిందా, అలాగే ఉందా అన్నదే అసలు ప్రశ్న.

క్యాన్సర్ రోగులకు చికిత్సకే కాదు, ఆ తర్వాతి చెకప్‌లకు చేసే ప్రయాణానికీ రైల్వే రాయితీ ఉంది. ఇది తెలియనివాళ్లు చాలామంది. రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో చార్జీ పూర్తిగా మినహాయింపు, సెకండ్ క్లాస్, ఏసీ చైర్‌కార్‌లో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం తగ్గింపు. వెంట వచ్చే ఒకరికి స్లీపర్, థర్డ్ ఏసీలో 75 శాతం తగ్గుతుంది. రైల్వే నమూనా ప్రకారం ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రంతో కౌంటర్‌లో టికెట్ తీసుకోవాలి. కర్నూలు నుంచి కాచిగూడకైనా, కడప నుంచి రేణిగుంటకైనా ఇదే నిబంధన. ఫారం నింపించుకోవడం డిశ్చార్జి రోజే అయిపోతే మేలు.

ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స పొందినవారు ఫాలో-అప్ ప్యాకేజీలో ఏ పరీక్షలు వస్తాయో ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో స్కాన్‌కు ముందే అడగాలి. డబ్బు కట్టేశాక అడిగితే ప్రయోజనం తక్కువ. పథకం సమాచారానికి 104కు ఫోన్ చేయవచ్చు.

రిపోర్టు ముందు ఫోన్‌కే వస్తుంది

రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది, డాక్టర్ అపాయింట్‌మెంట్ నాలుగు రోజుల తర్వాత. ఈ నాలుగు రోజులే అన్నిటికన్నా కష్టం. ‘స్టేబుల్’ అంటే పెరగలేదని అర్థం. ‘పోస్ట్ ట్రీట్‌మెంట్ చేంజెస్’ అంటే చికిత్స మిగిల్చిన మార్పులు. ‘ఇండిటర్మినేట్’ అంటే ఇప్పుడే తేల్చలేమని. అది క్యాన్సర్ అన్న మాట కాదు. ‘ఎస్‌యూవీ’ పక్కన ఉన్న అంకెను గూగుల్‌లో వెతికి నిర్ణయానికి రావద్దు. స్కాన్ తేదీ తీసుకునేటప్పుడే, మరుసటి రోజుకో రెండో రోజుకో డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా తీసుకుంటే ఈ ఎదురుచూపు తగ్గుతుంది.

ఈ భయానికి ఇంగ్లిష్‌లో ఒక పేరే ఉంది, ‘స్కాన్‌జైటీ’. ఎముక క్యాన్సర్ నుంచి బయటపడిన రచయిత బ్రూస్ ఫైలర్ 2011లో టైమ్ పత్రికలో దీని గురించి రాశారు. వారం ముందు నుంచే నిద్ర పట్టకపోవడం, చిన్న నొప్పికీ ఉలిక్కిపడటం, ఇంట్లోవాళ్లపై కసురుకోవడం బలహీనత కాదు. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ‘నాన్నకు చెప్పొద్దు సార్’ అని పిల్లలు డాక్టర్‌ను పక్కకు పిలుస్తారు, నాన్న మాత్రం వాళ్ల ముఖాలు చూసి అన్నీ ఊహించుకుంటారు. ఏ స్కాన్, ఎందుకు అన్నది ఆయనకు నేరుగా చెప్పడమే తక్కువ బాధ. బంధువుల ఫోన్లకు జవాబు చెప్పే పని ఇంట్లో ఒకరికి అప్పగించండి. ఆరోజు పేషెంట్ ఫోన్ మోగకుండా ఉంటేనే మంచిది.

నిద్ర, తిండి రోజుల తరబడి చెడితే, ఆలోచనలు ఆగకపోతే టెలీ-మానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ ఉంటుంది. పేషెంట్ కాదు, వెంట వెళ్లేవారు కూడా చేయవచ్చు.